ఎవరు అని అడగని ఇల్లు

5 మే 1986

నా తెలుగు పేదది. అందుకు ముందుగానే క్షమాపణ. ఈ హిందీ ఊళ్ళో బడిలో హిందీ, రాత్రి కళాశాలలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు మాత్రం రైల్వే క్వార్టరు గుమ్మంలో నాన్నగారు పలక మీద నేర్పినదే. అయినా, నలభై అయిదో ఏట బి.ఏ. ప్యాసైన వ్యక్తి మాతృభాషలో ఒక నోటుబుక్కు నింపలేకపోవడం తగదు.

ఈ రోజు నుంచి గుఢియారీ పేటలోని మందుల గోడౌనులో ప్యాకింగ్ సెక్షనుకు నేను సూపర్‌వైజరును. మొత్తం పదకొండు మంది. అందరినీ నిలబెట్టి మా ఇంటి పద్ధతులు రెండు చెప్పాను. మధ్యాహ్నం అందరం ఒకే చాప మీద కూర్చుని తినాలి. ఏదైనా పగిలితే ఎవరు అని అడగకూడదు. నా పదో ఏట మా గోడ గడియారం ముక్కలైనప్పుడు నాన్నగారు ఎవరినీ అడగలేదు. ఇంట్లో పగిలింది, అన్నారు. అంతే. ఆ ఔదార్యం నేను మరువలేదు.

నన్ను సార్ అనవద్దని, అన్నయ్య అనమని కూడా చెప్పాను. అలాగే అన్నయ్యా సార్, అన్నది గ్రేస్. మందుల ఫ్రిజ్ తాళం ఆమె దగ్గర ఉంటుంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

12 మే

మూడు సిరప్ సీసాలు పగిలాయి. అడగలేదు. సాయంత్రం ప్యాకర్ అచ్చయ్య తానే వచ్చి, నా సేతిలోంచే జారినాయి అన్నయ్యా, అన్నాడు. నేను అడగలేదు కదా అన్నాను. అడగనేదు గనకే సెప్పినాను, అన్నాడు.

పద్ధతి పనిచేస్తున్నది.

19 మే

నలభై అయిదు డిగ్రీల ఎండ. సెక్షనంతటికీ మా ఇంటి నుంచి పెద్ద స్టీలు క్యానుతో పెరుగు తెచ్చాను. గ్రేస్ దగ్గర తాళం తీసుకుని, ఫ్రిజ్‌లో నేనే చోటు చేసి పెట్టాను. మధ్యాహ్నం చాప మీద అందరికీ స్వహస్తాలతో వడ్డించాను. అచ్చయ్య మూడు సార్లు వేయించుకున్నాడు. ఇది ఆఫీసు కాదు, కుటుంబం అన్నాను. మరి లీవు ఎవరినడగాలి అన్నయ్యా, అమ్మనా, అన్నది గ్రేస్.

20 మే

కుక్కకాటు టీకాల పెట్టె ఫ్రిజ్ వెనుక నేల మీద దొరికింది. వెచ్చగా ఉంది. కాంకేర్ ఆసుపత్రి దాని కోసం ఎదురుచూస్తోంది. మొత్తం పారవేయవలసిందే.

గోడౌను యజమాని సేఠ్‌జీ, ఎవరు చేశారో పేరు అడిగారు. సెక్షన్‌లో జరిగింది అన్నాను. కొండలరావ్‌జీ, ఘర్ ఘర్ హై, దుకాన్ దుకాన్, అన్నారు. ఇల్లు ఇల్లే, దుకాణం దుకాణమే అని. శనివారం లోగా పేరు చెప్పకపోతే తాళం ఉన్న మనిషిని తీసేస్తారట.

అంటే గ్రేస్‌ను. ఆమె జీతం మీద ఆమె తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు.

21 మే

చాప మీద అందరూ క్యారియర్లు విప్పారు. ఎవరైనా సరే, ఏకాంతంగా నా దగ్గరకు రావచ్చు అన్నాను. అచ్చయ్య నోరు తెరిచాడు. ఆవకాయ ఇటియ్యి అచ్చయ్యా, అన్నది గ్రేస్. అతను ఇచ్చాడు. నోరు మూసుకున్నాడు.

22 మే

గ్రేస్ తాళం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. శనివారం దాకా ఎందుకులే అన్నయ్యా, అన్నది. ఈసారి సార్ అనలేదు.

పెట్టెను లోపల పెట్టడం ఆమే మరచి ఉంటుందనుకున్నాను. మనసులో క్షమించాను కూడా.

23 మే, సాయంత్రం

దేవేంద్ర నగర్ వెళ్ళి రమణమ్మక్కకు ఇదంతా చెప్పాను. నాన్నగారి గడియారం సంగతి పదకొండు మందికీ చెప్పానని కూడా. అక్క కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఒరే పిచ్చోడా, ఆ గడియారం నాన్నేరా, కీ ఇస్తా ఇస్తా జారవిడిసేసినాడు, అన్నది. అమ్మ సూసింది, నానూ సూసినాను. అడుగుతే ఎవుల పేరొస్తాదేటి? అందుకే అడగనేదు.

అక్క ఇచ్చిన టీ తాగలేదు.

రిక్షాలో, గుఢియారీ గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు, పెరుగు క్యాను గుర్తుకు వచ్చింది. దానికి చోటు చేయడానికి ఒక అట్టపెట్టె తీశాను. ఫ్రిజ్ వెనుక పెట్టాను. భోజనాల తరువాత ఖాళీ క్యాను కడిగి ఇంటికి తీసుకువెళ్ళాను. పెట్టెను తిరిగి లోపల పెట్టలేదు.

పదకొండు మందీ అక్కడే ఉన్నారు. అందరూ చూశారు.

24 మే

తలుపు మూసి సేఠ్‌జీకి పేరు చెప్పాను. ఆయన రిజిస్టరు తెరిచి సూపర్‌వైజరు గడిలో నా పేరు కొట్టివేశారు. సోమవారం నుంచి నేను లేబుళ్ళ బల్ల దగ్గర కూర్చోవాలి. గ్రేస్ ఉద్యోగం ఉంటుంది. రావ్‌జీయే బదిలీ అడిగారని అందరికీ చెబుతాను, మీ మర్యాద కోసం, అన్నారు. వద్దు అనలేకపోయాను.

తాళం గ్రేస్‌కు ఇచ్చాను. చాప మీద చెబుదామనుకున్నాను. చెప్పబోయి ఆవకాయ అడిగాను. ఆమె నా గిన్నెలో మజ్జిగ పోసి, తినండి అన్నయ్యా, అన్నది.

26 మే

ఈ నోటుబుక్కు చాప మీద వదిలి వెళుతున్నాను. భోజనాల తరువాత దీన్ని గ్రేస్ చదవాలి. అచ్చయ్యకు చదువు రాదు గనుక, పంతొమ్మిదో తేదీ నుంచి గట్టిగా చదవాలి. నేను లేబుళ్ళ బల్ల దగ్గరే ఉంటాను. చదవడం అయ్యాక ఎవరో ఒకరు, అందరూ వినేలా, ఎవరు అని నన్ను అడగాలి.