నురగ తేలిన పదకొండు పొద్దులు

తార్నాక,
శుక్రవారం.

నిరోష నాన్నగారికి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేను, ముషీరాబాద్ హాస్టల్లో నిరోష, లాలాపేట్‌లో అత్తమ్మ ఆయన కృపలో బాగున్నాం. ఆ కొండల్లో సొరంగం పనిలో మీరూ క్షేమమేనని నమ్ముతున్నాను. ఫోన్లో రెండు మాటలకే లైను తెగుతోంది. ఈసారి నేను చెప్పేది మధ్యలో తెగకూడదు, అందుకే ఉత్తరం.

మీరు అడిగినవి ముందు. బీపీ గోలీలు మానలేదు. నిరోష నర్సింగ్ పరీక్షలు బాగా రాసింది. వంటింటి నల్లా బాగు చేయించాను. ఒక్కదానికి వండే కొలత మాత్రం ఇంకా చేతికి రాలేదు, రోజూ అన్నం మిగులుతోంది.

ఇక మీ తమ్ముడి సంగతి. సంజీవ్ షెడ్డుకు కాలుష్య బోర్డు ఆఫీసువాళ్లు తాళం వేసిన మాట నిజమే. పన్నెండు రోజులైంది. "వాని పేరు ఎవరిచ్చిన్రో కనుక్కొని రాయి" అన్నారు. రాస్తాను. కాని మొదటినుంచి చెప్పనివ్వండి.

ఈస్టర్ ముందటి నలభై శ్రమదినాలు మొదలైనప్పటినుంచి పొద్దున్నే యూనివర్సిటీలో నడకకు పోతున్నాను. మీరు లేని ఇంట్లో తెల్లవారాక పడుకోలేను. అక్కడ గోడ పక్క మురుగు నాలాలో కొన్ని పొద్దుల్లో మోకాలెత్తు తెల్లటి నురగ. వాసనకు కళ్లు మండుతాయి. హాస్టల్ వంటశాల నీళ్లని కొందరు, బట్టలుతికే నీళ్లని కొందరు. నా సంగతి మీకు తెలుసు కదా, పుస్తకంలో గళ్లు గీసి తేదీ, వేళ, నురగ ఎత్తు, వాసన రాయడం మొదలుపెట్టాను.

అక్కడే సీసాల్లో నీళ్లు పడుతూ శిరీష కనిపించింది. నాలా నీళ్ల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. నా పుస్తకం తిరగేసి నవ్వింది.

"ఆంటీ, నేను వారానికొక్కసారి వస్త. మీరేమో ఒక్క రోజు విడువలే. నా పీహెచ్‌డీ మీకే ఇయ్యాలె."

"నాకెందుకమ్మా, కళ్లు మండకుంటే చాలు" అన్నాను.

చివర ఇంకో గడి గీయమంది. ఎక్కడినుంచి వస్తోంది అన్నది అందులో రాయాలట. ఇద్దరం నాలా వెంట పైకి నడిచాం. లాలాపేట్ దగ్గర అది రోడ్డు కిందికి పోయింది. అక్కడినుంచి ఏ గల్లీ నీళ్లో తెలియలేదు.

శ్రమదినాల్లో రోజుకో ఇంట్లో సాయంత్రం ప్రార్థన జరిగేది కదా. ఎవరింట్లో, ఎవరొచ్చారు, ఏ వచనం చదివారు అన్నది నేనే రాస్తాను. ఈస్టర్ అయ్యాక పాస్టరుగారికి ఇవ్వడానికి ఆ పుస్తకం సరిచూస్తుంటే సంజీవ్ పేరు పక్కన పదకొండు ఖాళీలు. ప్రార్థన మానే మనిషి కాదే, ఒంట్లో బాగులేదేమో అనుకున్నాను. ఆ తేదీలు ఎక్కడో చూసినట్టు అనిపించి నాలా పుస్తకం పక్కన పెట్టాను. వాడు రాని ప్రతి సాయంత్రానికీ మర్నాడు పొద్దున నురగ. పదకొండుకు పదకొండు. రెండు పుస్తకాలూ మూసేశాను.

మర్నాడు లాలాపేట్‌లో వాడి షెడ్డుకు పోయాను. మందుల కంపెనీల పాత నీలం డ్రమ్ములు కొని, కాస్టిక్ సోడాతో కడిగి, ఇళ్లకు నీళ్ల డ్రమ్ములుగా అమ్ముతున్నాడు కదా. లోడు వచ్చిన సాయంత్రాలు కడుగుడు. ఆ నీళ్లు పైపులో తిన్నగా మ్యాన్‌హోల్‌లోకి.

"దా వదినె, ఛాయ్ తాగుతవా?" అన్నాడు. చాయ్ అందించిన చేతుల మీద తోలు లేచి తెల్లగా ఉంది.

"ఆ నీళ్లు అట్ల వదలొద్దు సంజీవ్" అన్నాను.

"కడిగిన నీళ్లు ఎటు పోవాలె మరి? నాలా ఏమన్న గోదావరా?" అని నవ్వాడు. నన్ను నవ్వించాలనే అన్నాడు. నేనూ నవ్వాను.

మూడు వారాలు ఆ చివరి గడిలో "తెలియదు" అని రాశాను. నా పుస్తకంలో అబద్ధం రాయడం అదే మొదలు. శిరీష కనిపిస్తుందని నడక వేళ మార్చుకున్నాను.

నాలా పక్కన ఆకుకూరలు పండించి తార్నాకలో అమ్మే భారతమ్మ మీకు తెలుసు. ఒకరోజు గంప లేకుండా వచ్చి మన గడప మీద కూర్చుంది. "తోటకూరంత ఒక్కపారే మాడిపోయింది బిడ్డా" అని చీర పైకి జరిపి కాళ్లు చూపించింది. మోకాళ్లదాకా పుండ్లు. "గా నీళ్లల్ల ఏం కలుస్తున్నదో ఎవరికి ఎరుక" అంది. ఆమె కూర మనం ఆరేళ్లుగా తింటున్నాం. నాకు ఎరుకే.

ఆ సాయంత్రమే శిరీష గదికి పోయి, "తెలియదు" అన్న ప్రతిచోటా కొట్టేసి సంజీవ్ షెడ్డు అని రాసి ఇచ్చాను. ఆ పిల్ల "మీవాళ్లా ఆంటీ?" అని అడిగింది. అవునన్నాను. ఆ పుస్తకం తనే తీసుకుపోయి బోర్డు ఆఫీసులో ఇచ్చింది.

పేరిచ్చింది నేనేనండీ.

అత్తమ్మ రోజూ ఫోన్ చేసి, "ఆ పేరు చెప్పినోని నోట్ల మన్ను వడ" అంటుంది. నేను ఊ కొడతాను. బుధవారం ప్రార్థనకు పోవడం మానేశాను. అక్కడ అందరూ వాడి కోసం మోకరిస్తున్నారు, వాళ్ల పక్కన మోకరించలేకపోయాను.

నిన్న సంజీవ్ వచ్చాడు. "నీ అంత మంచిగ ఎవరు రాస్తరు వదినె? ఎవడో పగవట్టి అబద్ధం చెప్పిండని దరఖాస్తు రాయి. దస్కత్ నేను పెడ్త" అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నానికి రమ్మన్నాను.

మీ జవాబు అప్పటికి రాదని తెలుసు. మిమ్మల్ని అడిగి చేయడానికి ఇది రాయలేదు. వాడి నోటినుంచి కాక నా చేతినుంచి మీకు తెలియాలని రాశాను. మీరు కోపగించుకుంటే అదీ ఉత్తరంలోనే రాయండి, మానేయొద్దు.

వాడికి అన్నం పెట్టి చెప్పాలా, చెప్పి పెట్టాలా అని నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను. ముందే చెప్తాను. తిన్నాక చెబితే ఆ ముద్ద వాడికి జన్మంతా గుర్తుంటుంది.

ఇట్లు,
మీ నిరోష అమ్మ,
కృపారాణి.