పరుపు దూది, పెట్టె మోత

కంచరపాలెం

అమ్మకు నమస్కారం. కడుపులో బిడ్డ ఇంకా కదలలేదని బెంగపడుతున్నావని ఈ కార్డు రాస్తున్నాను. మీ అల్లుడు మైకుసెట్టు కోసం పెద్ద స్పీకరు పెట్టె చేశారు. మోత గట్టిగానే వచ్చింది కానీ బరబరమంది. నువ్విచ్చిన పరుపులోని దూది తీసి లోపల కూరారు. అంత బరువైన మోత అంత నున్నగా వస్తుందని నేనెన్నడూ అనుకోలేదమ్మా! చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. చెవిటి అత్తగారు సైతం ఉలిక్కిపడి, “ఏటే గౌరీ, రేవులో ఓడ గానీ కూసిందేటి?” అన్నారు. అప్పుడే బిడ్డ తన్నింది.

పరుపుకు కాస్త బూరుగు దూది పంపించు. చెల్లికి జ్వరం తగ్గిందా? నాన్నకు నమస్కారాలు.

బిడ్డ సంగతి ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది. ఈ కార్డు డబ్బాలో వేసేది ఆయనే, దారిలో చదువుకుంటారులే.

నీ గౌరీశ్వరి