రవ్వ చేసిన మేత

కంబదూరు,
14 ఫిబ్రవరి 2024

నాయనకు మహేశ్వరి నమస్కారాలు. ఈ ఉదయం లేవగానే ఒక వింత. పాల క్యాను ఎవరినీ ముట్టనివ్వని అవ్వ దాన్ని నా చేతికిచ్చి, "పాలకేంద్రానికి నువ్వు పో. నేను ఆడికి రాను" అంది. మిగతా అంతా క్షేమమే. బెంగళూరులో నువ్వూ అమ్మా బాగున్నారని తలుస్తాను.

అవ్వ మోకాళ్ల నొప్పి సంగతి అడిగావు. తగ్గింది. ఆవు మేత మిగులుస్తోందా అని అడిగావు. మిగల్చడం లేదు. దాని గురించే రాయాలి.

నేను సెలవులకు వచ్చేసరికి ఆవు ఎండిన వేరుశెనగ కట్టెలో ఆకు ఏరుకుని తిని, కాడలు తొక్కేస్తోంది. వానలు లేని ఏడు, ఉన్నది ఒక్క వామి. పొడి చేస్తే పరక కూడా వృథా కాదని వామి మొత్తం మిషన్లో వేసి రవ్వలాగా ఆడించాను.

"ఇదేం మేతే, ముక్కుపొడుమా?" అని అవ్వ నవ్వింది.

"పశువుల డిప్లొమా చదువుతాండేది నువ్వా, నేనా?" అన్నాను. మేత వేసే గాడిని ఆవు నాకేసింది. పొంగిపోయాను.

తర్వాత పాలు పలచబడ్డాయి. నిన్న పాలకేంద్రంలో పాలు కొలిచే జయచంద్ర ఫ్యాటు చూసి, వరుసలో అందరి ముందరా, "ఏమవ్వా, బోరు నీళ్లా, కుళాయి నీళ్లా?" అన్నాడు. వరుసలో ఉన్న బయమ్మ పకపకా నవ్వి, అవ్వను చూపిస్తూ, "నల్లమ్మకు దుడ్ల ఆశ పుట్టిండాదప్పా!" అంది. "నా బిడ్డల మీద ఒట్టు, చుక్క కలపలేదు" అంటూ అవ్వ అందరి మొహాలూ చూసింది. నా మొహం కూడా చూసింది.

నాయనా, నాకు కారణం తెలుసు. మేత మరీ మెత్తనైతే ఆవు నెమరు వేయదు, జొల్లు ఊరదు, పాలలో వెన్న తగ్గిపోతుంది. పరీక్షలో రాసిన పాఠమే. వామి ఆడించేటప్పుడు గుర్తు రాలేదు, దవడ కదపకుండా పడుకున్న ఆవును చూశాక గుర్తొచ్చింది. కానీ వరుసలో నాతో బడిలో చదివిన శశికుమార్ ఉన్నాడు. నన్ను డాక్టరమ్మా అని పిలుస్తాడు. నేల చూస్తూ నిలబడ్డాను. డాక్టరమ్మా అంటే రోజంతా మురిసిపోయే నేను, "తప్పు నాది" అనే రెండు మాటలు పలకలేకపోయాను.

ఈ రోజు కూడా అంతే. "అవ్వకు మొగం చెల్లలేదా?" అని జయచంద్ర అడిగితే, మోకాళ్ల నొప్పి అని అబద్ధమాడాను.

సాయంత్రం అవ్వకు అంతా చెప్పి ఏడ్చాను. ఆమె పేడ తీయడం ఆపలేదు. "నాకు చెప్తే ఏమొస్తాదే? ఆడ చెప్పు" అంది.

కుళ్లాయప్ప మామ ఇంటి నుంచి జొన్నచొప్ప రెండు మోపులు అడిగి తెచ్చాను. రేపు తెల్లవారగానే దాన్ని నరక్కుండా పొడవుగానే పొడిలో కలిపి ఆవుకు వేస్తాను. తర్వాత, వరుస నిండేదాకా ఆగి, అవ్వను వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్తాను. క్యాను అవ్వే పట్టుకుంటుంది. మాట్లాడేది నేను.

ఇట్లు,
తల ఎత్తలేని నీ కూతురు
మహేశ్వరి