ఒకటో తారీఖున ఎవరినీ ఇవ్వని ఇల్లు

డిసెంబర్ 28
ఒకటిన గుడిలో ప్రసాదం నా వంతు. పులిహోర గిన్నెలు మా కారులో పట్టవు. పక్కింటి లొరెట్టా గారి మనవరాలు డెనీస్‌కి పెద్ద వ్యాన్ ఉంది. వెళ్ళి అడిగాను — "ఒకటిన మీ డెనీస్‌ని ఒక్క పూట నాకివ్వండి. ఊరికే వద్దు, డబ్బులిస్తాను."
ఆవిడ ముఖం మారిపోయింది. "ఆ రోజు మా పిల్లల్ని ఎవరికీ ఇవ్వం, హనీ."
తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. అమెరికాలో నల్లవాళ్ళు బానిసలుగా ఉన్న రోజుల్లో వాళ్ళ ముత్తవ్వ తల్లి హానాని యజమాని ఏటా జనవరి ఒకటిన ఇంకొకరికి ఏడాది అద్దెకిచ్చేవాడట. తల్లి ఒక చోట, పిల్లలు తలోచోట. కూలి యజమానికి. క్రిస్మస్‌కి కలిస్తే కలిసినట్టు. అందుకే ఆ రోజు అందరూ ఒకే కప్పు కింద.
నేను అడిగిన మాట... తల కొట్టేసినంత పనైంది.

డిసెంబర్ 29
డెనీస్‌కి ఒకటిన హాస్పిటల్లో డ్యూటీ పడిందట. "నాకు ఎనభై దాటాయి. ఇంతవరకు ఒక్కరూ తప్పలేదు" — లొరెట్టా గారు కాఫీ కూడా తాగలేదు.

డిసెంబర్ 30
మా అమ్మాయి స్వాతిదీ అదే వార్డు. చెప్పాను.
"షిఫ్ట్ స్వాప్ చేస్తాలే అమ్మా. మన న్యూ ఇయర్ ఉగాది కదా!"
వాళ్ళ నాన్న: "మరి కేక్ ఆర్డర్ చేయమన్నది ఎవరమ్మా?"

డిసెంబర్ 31
స్వాప్ ఓకే! లొరెట్టా గారు కంచె అవతలి నుంచే కేక — "రేపు సాయంత్రం మీరిద్దరూ మా ఇంట్లోనే!" వాళ్ళు ఆ రోజు బొబ్బర్లు వండుతారట. నేనూ అవే గారెలకి నానబోశాను. గిన్నెలకి గుడివాళ్ళే వ్యాన్ పంపిస్తారు. ముందే అడగాల్సింది.

జనవరి 1
ఇల్లంతా జనం. కుర్చీలు చాలక మెట్ల మీద. లొరెట్టా గారి తమ్ముడు నేను గారెలు వేస్తున్న మూకుడు పక్కనుంచి కదలడు. "ఇన్నేళ్ళూ వీటిని ఉడకబెట్టి పాడుచేశామా!" అక్క చేతి గరిటె అతని వీపు మీద పడింది.
భోజనానికి ముందు ఆవిడ పేర్లు పిలుస్తుంది. ఒక్కొక్కరూ "ఉన్నా!" అనాలి.
"డెనీస్?"
"ఉన్నా, గ్రాండ్‌మా!" — ఈలలు, చప్పట్లు. లొరెట్టా గారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.
అయిపోయిందనుకున్నాను.
"స్వాతి?"
నేను పలకబోయాను. చెయ్యెత్తి ఆపింది. "ఆ పిల్లే పలకాలి. మా హానాని వెళ్తావా అని ఎవరూ అడగలేదు. ఈ పిల్ల తనంతట తను వెళ్ళింది. వచ్చేదాకా ఎవరూ ప్లేటు ముట్టకండి."
తమ్ముడి చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. ఒకటే నవ్వులు.
స్వాతి డ్యూటీ ఏడింటికి దిగాలి. ఇప్పుడు ఏడున్నర. వాళ్ళ వంటింట్లో నిలబడే రాస్తున్నాను. "ఇంకో పేషెంట్ వచ్చింది" అని మెసేజ్. పిల్లలు కిటికీకి అతుక్కుపోయారు. వీధి మలుపులో లైట్లు కనబడితే చాలు, ఇల్లంతా కేకలు...
ఈ కారూ కాదు.