టిక్కుమనే టైమర్

జూన్ 3

వాషింగ్ మెషిన్ మధ్యలో ఆగిపోయింది. టైమర్ పోయిందన్నాడు మెకానిక్. నాబ్ వెనక ఉండే డబ్బా అది. నీళ్లు పట్టడం, వదలడం, తిప్పడం అన్నీ దాని చేతిలోనే. ఈ మోడల్‌కి కంపెనీ పార్టులు ఆపేసిందట. కొత్తది కొనుక్కోండమ్మా, దీన్ని మ్యూజియంకి ఇచ్చేయండి అని నవ్వాడు.

సాయంత్రం షోరూమ్‌కి వెళ్లాను. అన్నీ టచ్ ప్యానెళ్లే, అద్దంలా నున్నగా. అత్తయ్యకి చూపు లేదు. నాబ్ తిప్పుతూ, టిక్కుల్ని బట్టి పోల్చుకుని తన బట్టలు తనే ఉతుక్కుంటుంది.

జూన్ 4

కొత్తది కొనేద్దాం, అమ్మవి కూడా మన బట్టల్లో కలిపి వేస్తే నీ చేతులు అరుగుతాయా అన్నారు మా ఆయన. నా బట్టల జోలికి ఎవరూ రావద్దు, బకెట్టు పడేస్తే చేత్తో పిండుకుంటాను అని అత్తయ్య గదిలోంచి కేక. మొండిఘటం అన్నారీయన.

జూన్ 5, ఉదయం

అత్తయ్య గది ఊడుస్తుంటే మంచం కింద సంచి తగిలింది. ముడి విప్పకముందే వాసన. తడిసి ఆరిన దుప్పట్లు, లంగాలు. ఎన్నాళ్లుగా జరుగుతోందో. మేమిద్దరం బయటికెళ్లేదాకా ఆగి మెషిన్ వేసేది ఇందుకన్నమాట.

నేను ఉతికి పెడితే నాకు తెలిసిందని తెలిసిపోతుంది. ముడి వేసి ఉన్నచోటే పెట్టాను. ఊడ్చడం అయిందా అని వసారాలోంచి అడిగింది. నడుం పట్టేసింది, మంచం కింద ఊడ్చలేదన్నాను. అక్కడ దుమ్మేం ఉండదులే అంది.

జూన్ 7

పాత టైమర్ లాంటిదే ఆన్‌లైన్‌లో దొరికింది. ధర కొత్త మెషిన్‌లో సగం. రావడానికి నెల. సంచి నెల ఆగదు.

జూన్ 9

పాత సామాన్ల వీధి. ఊడదీసిన మెషిన్లు గుట్టలుగా ఉన్న దుకాణం. మా టైమర్ చూపిస్తే, పిన్నులు సరిపోల్చి ఒకటి తీశాడు ముసలాయన. బేరమాడితే దిగాడు. తిప్పి చూశాను. వెన్నలా తిరిగింది, చప్పుడే లేదు. వద్దన్నాను.

చప్పుడు చేస్తోందని తిట్టిపోసేవాళ్లని చూశాను గానీ, చెయ్యట్లేదని తిరగ్గొట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా తల్లీ అన్నాడు. ఉన్నవన్నీ తెచ్చి ముందు పోశాడు. కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తిప్పాను. దేవుణ్ణి తలుచుకుంటున్నావా, ఎంత తలుచుకున్నా గ్యారంటీ మాత్రం ఇవ్వను అన్నాడు.

చివరికి ఒకటి గట్టిగా టిక్కుమంది. కళ్లు తెరిచి చూస్తే అంచున పగులు. ఇన్ని మంచివాటిల్లో దాన్నే ఏరావా అంటూ టేపు చుట్టి ఇచ్చాడు.

జూన్ 10

మెకానిక్ బిగించాడు. పనిచేస్తోంది. కానీ టిక్కులు పాత వరసలో లేవు. ఇది నాకు తట్టనే లేదు.

అత్తయ్య మెషిన్ పక్కన స్టూలు వేయించుకుని, ఖాళీ మెషిన్‌నే తిప్పుతూ, ఆపుతూ, నీళ్లు వస్తున్నాయో పోతున్నాయో చెవి ఆనించి వింటూ మధ్యాహ్నమంతా కూర్చుంది. సాయం చేయనా అంటే, నీ పని నువ్వు చూసుకోవే, లెక్క తప్పిస్తావు అని కసిరింది.

జూన్ 12, ఆదివారం, తెల్లవారుజాము

నిన్నంతా మేమిద్దరం ఇంట్లోనే. ఇప్పుడు మెషిన్ తిరుగుతోంది. ఈ వేళప్పుడు ఎవరు వేశారు, చూసొస్తానని ఈయన లేవబోయారు.

నేనే వేశాను, పడుకోండి అన్నాను.