అమ్మ కుట్టిన జిల్లేడు

ఆదివారం, నాంపల్లి

అబిడ్స్ హాల్లో కుట్టుపని నేర్చుకునే ఆడవాళ్లు తలా ఒక గుడ్డముక్క మీద తమకు చుట్టమనుకునే చెట్టునో జంతువునో కుడుతున్నారు. అన్నీ కలిపి ఒకే తెర చేస్తారు. అమ్మ జిల్లేడు మొక్కను కుట్టింది.

“ఇదేం చుట్టం అవ్వా?” అని నేర్పే అమ్మాయి అడిగింది.

“నా సవతి, బిడ్డా.”

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఇద్దరు భార్యలు పోయాక, మూడో పెళ్లి అచ్చిరాదని నాన్న మొదట జిల్లేడుకు తాళి కట్టి, తర్వాత అమ్మను చేసుకున్నాడు. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం. రేపు అన్న తెర చూడటానికి వస్తే గొడవే. ఆ ముక్క తీసేద్దామన్నాను.

“పెండ్లయినంక నరికిన్రు దాన్ని. నాకు రావల్సిన సావు అది సచ్చింది. దానికి గింత బట్ట గూడ దక్కొద్దా?”

తీయలేదు. అన్న అడిగితే పెద్దమ్మ అని చెప్పాలి. వరసకు అంతే కదా.