మొదటి సెకను

అక్టోబర్ 6, ఆదివారం, ఉదయం 11

నిన్న మళ్లీ ఓడిపోయాం. వరుసగా నాలుగోది. ముప్పై ఒక్క పాసులు విసిరితే పన్నెండే అందాయి.

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నా పని ఒకటే. ఆదివారం వీడియో ముందు కూర్చుని, పోయిన ప్రతి పాస్ పక్కనా ఒక అక్షరం రాయాలి. క్యూ అంటే విసిరిన క్వార్టర్‌బ్యాక్‌ది తప్పు. ఆర్ అంటే అందుకోవాల్సిన రిసీవర్‌ది. సోమవారం ఆ కాగితం మీటింగ్ రూమ్ గోడకెక్కుతుంది. పదిహేనేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని కదా, నా అక్షరాన్ని ఎవరూ ప్రశ్నించరు. అది మంచిదేనా అని నాకే అనుమానం.

ఈసారి పంతొమ్మిదిలో పదహారు క్యూలు. మా క్వార్టర్‌బ్యాక్ గ్యారెట్ విసిరిన బంతి ఎప్పుడూ రిసీవర్ వీపు వెనకే పడుతోంది. ఆలస్యం.

అక్టోబర్ 8, మంగళవారం

కాఫీ షాపులో వడ్డించే లోరీన్ నా ప్లేటులో గ్రేవీ పోస్తూ, "ఏమ్మా ప్రొఫెసరూ, మీవాడు బంతిని పోస్టులో పంపిస్తున్నాడా ఏంటి? మా ఆయన బాత్రూంకెళ్లొచ్చినా అది ఇంకా దారిలోనే ఉందట!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వకుండా ఉండాల్సింది.

అక్టోబర్ 20, ఆదివారం

ఆరో ఓటమి. పద్నాలుగు క్యూలు.

అక్టోబర్ 21, సోమవారం, మధ్యాహ్నం

కోచ్ హాల్వర్సన్ పిలిచి, గ్యారెట్‌ని తీసేద్దామా అని అడిగాడు. అంకెలు అలాగే చెబుతున్నాయన్నాను. "అంకెలు సరేనమ్మా, నువ్వేమంటావ్?" అన్నాడు. తీసేయమన్నాను. వచ్చే ఏడాది అతని స్కాలర్‌షిప్ కూడా ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు. అది లేకపోతే గ్యారెట్ చదువు ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం కిటికీవైపు చూశాం.

నవంబర్ 3, ఆదివారం

కొత్త క్వార్టర్‌బ్యాక్ పాసులు కూడా వీపు వెనకే పడ్డాయి.

ఇద్దరూ ఒకేలా ఆలస్యమా?

నవంబర్ 4, సోమవారం, ఉదయం 7

పాత క్లిప్పులన్నీ తీశాను. ఒక్కోదాన్నీ మొదటి ఫ్రేములోనే ఆపి చూశాను. గ్యారెట్ చేతిలోకి బంతి అప్పుడే వచ్చింది, రిసీవర్లు మాత్రం అప్పటికే ఉండాల్సిన చోటుకన్నా రెండడుగులు ముందున్నారు. ప్రతి క్లిప్పులోనూ అంతే. ఇన్ని వారాలుగా అది నా కళ్లముందే ఉంది.

క్లిప్పులు అక్కడ మొదలయ్యేలా కత్తిరించమని ఆగస్టులో చెప్పింది నేనే. బంతి చేతికి రాకముందు చూడ్డానికేముంది, టైమ్ వేస్ట్ అన్నాను.

పూర్తి వీడియో తెప్పించుకున్నాను. వంగి బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి పంపాల్సిన సెంటర్ వెస్లీ దాన్ని నెమ్మదిగా, చీలమండల ఎత్తున పంపుతున్నాడు. గ్యారెట్ వంగి అందుకుని తలెత్తేసరికి రిసీవర్ వెళ్లిపోయాడు. మైదానం పక్కన నిలబడ్డ కోచ్‌లకు ఇది కనిపించలేదా? గోడమీద క్యూ ఉంటే కళ్లకూ క్యూనే కనిపిస్తుందేమో.

నవంబర్ 5, మంగళవారం

వెస్లీ గ్లవ్ తీసి చూపించాడు. నడిమి వేలు నల్లబడి, వంగడం మానేసింది. రెండో మ్యాచ్‌లోనే విరిగిందట. తనకిది ఆఖరి సీజన్. ఎవరికీ చెప్పొద్దని గ్యారెట్‌ని బతిమాలుకున్నాడట. కొత్తవాడినీ అలాగే బతిమాలాడట.

గ్యారెట్ ఇంటికి వెళ్లిపోవడానికి హాస్టల్ గదిలో అట్టపెట్టెలు సర్దుకుంటున్నాడు. ఒక్క మాట చెప్పకూడదా అని అడిగాను.

"మాటిచ్చాను మ్యామ్. అయినా వీడియో మీ దగ్గరే ఉంది కదా, అంతా చూసే రాస్తున్నారనుకున్నా. మొదట్లో మీమీద కోపమొచ్చింది. తర్వాత వారం వారం గోడమీద నా అక్షరమే చూసి చూసి, తప్పు నాదేనేమో అనిపించింది. బంతి బాగా వచ్చినప్పుడు కూడా చెయ్యి లేచేది కాదు."

టేప్ అంటించడానికి పెట్టె పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

నవంబర్ 6, బుధవారం

కోచ్ అంతా విన్నాడు. స్కాలర్‌షిప్ మీద అవతలి కుర్రాడికి మాటిచ్చేశానన్నాడు. "తీసేసింది నేను, నువ్వు కాదు. ఇంటికెళ్లి పడుకోమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నవంబర్ 30, శనివారం

ఆఖరి మ్యాచ్. ఓడిపోయాం. నేను వెళ్లలేదు.

డిసెంబర్ 1, ఆదివారం, ఉదయం 11

పాత మ్యాచ్ పూర్తి వీడియోలో మొదటి సెకను మాత్రమే చూస్తున్నాను. బంతి ఇంకా గడ్డిమీదే ఉంది. గ్యారెట్ వెస్లీ చేతినే చూస్తున్నాడు. ఎవరూ కదలడం లేదు. ఇంకా ఎవరి తప్పూ లేదు.

ఆపి, మళ్లీ మొదటికి వెళ్తున్నాను.